తిప్పి వదిలే హ్యాండిల్

1893 ఆగస్టులో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ తన మొదటి ఇంజనును పరీక్షకు పెట్టినప్పుడు దాన్ని తిప్పింది మనిషి చెయ్యి కాదు, ఫ్యాక్టరీ షాఫ్టు నుంచి వేసిన బెల్టు. స్పార్క్‌ప్లగ్ లేని ఇంజను ఇది. సిలిండరులో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. ఆ అదుముడే ఇంజనుకు ప్రాణం, తిప్పేవాడికి మాత్రం అదే అడ్డు. అయినా నలభై ఏళ్లు తిరిగేసరికి ఒక్క మనిషి, ఒక్క ఇనుప హ్యాండిల్‌తో డీజిల్ ఇంజనును లేపడం మామూలైపోయింది.

అలా లేపే ఇంజన్లలో బాగా పేరు పడింది లిస్టర్ సీఎస్. 1930 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో తయారైంది. ఒకటే సిలిండరు, నిమిషానికి 600 చుట్లు, 5 హార్స్‌పవర్, రెండు పక్కలా బరువైన ఫ్లైవీళ్లు. దాని నకళ్లు తర్వాత రాజ్‌కోట్‌లో విరివిగా తయారయ్యాయి. బావుల దగ్గర నీళ్లు తోడి, పిండిమరలు ఆడించిన ఆయిలింజన్లలో ఈ పోలిక ఉన్నవి మన పెద్దవాళ్లు చూసే ఉంటారు.

ఆ సిలిండరు లోపలి వ్యాసం నాలుగున్నర అంగుళాలు. అంటే పిస్టన్ తల వైశాల్యం 102 చదరపు సెంటీమీటర్లకు పైమాటే. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 కిలోలకు చేరిందనుకుంటే పిస్టన్ మీద పడే బరువు మూడు టన్నులు. దాన్ని చేత్తో నేరుగా ఎదిరించే ప్రశ్నే లేదు. అందుకే ముందు డీకంప్రెషన్ లివర్ ఎత్తి పెడతారు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే ఉంటుంది, గాలి అదిమినకొద్దీ బయటికి పోతుంది. తిప్పేవాడు చుట్టు చుట్టుకూ ఫ్లైవీల్ వేగం పెంచుతాడు. తగినంత ఊపు వచ్చాక లివర్ వదిలేస్తే, ఫ్లైవీళ్లలో కూడబెట్టిన శక్తి ఆ మూడు టన్నుల గండాన్ని ఒక్క తోపుతో దాటించేస్తుంది. టప్‌మని మొదటి మోత వినిపిస్తుంది.

ఇక హ్యాండిల్ సంగతి. దాని చివర షాఫ్టు మీదికి ఎక్కే గొట్టం, ఆ గొట్టం అంచున ఒక గాడి. గాడికి ఒక పక్క నిలువుగా, రెండో పక్క ఏటవాలుగా కోసి ఉంటుంది. మనం తిప్పేటప్పుడు నిలువు అంచు షాఫ్టు మీది పిన్నును తోస్తుంది. ఇంజను అందుకుని షాఫ్టు మన చేతికన్నా జోరుగా తిరిగిన క్షణాన, పిన్ను ఏటవాలు అంచు మీదికి పాకి హ్యాండిల్‌నే బయటికి తోసేస్తుంది. నా మటుకు నాకు ఈ హ్యాండిల్‌లో అసలు ఆవిష్కరణ ఈ వాలు కోతే. పట్టుకోవడం ఏ ఇనుప కడ్డీ అయినా చేస్తుంది. సరైన వేళకు దానంతట అది వదలడమే గొప్ప.

కాబట్టి హ్యాండిల్ కొనేవాళ్లు పొడవు చూసి మురిసిపోకూడదు, గాడి చూడాలి. నిలువు అంచు అరిగి గుండ్రబడితే బలం పెట్టినప్పుడు జారి మనిషిని ముందుకు పడేస్తుంది. వాలు అంచుకు తుప్పు పట్టినా, గొట్టం షాఫ్టుకు బిగుసుకున్నా హ్యాండిల్ ఊడిరాదు. నిమిషానికి 600 సార్లు తిరిగే ఇనుప గద అవుతుంది. అలాంటప్పుడు దాని దగ్గరికి పోకుండా, డీజిల్ ఆపేసి దూరంగా నిలబడాలి. ఈ గాడి కూడా కాపాడలేని ప్రమాదం ఒకటుంది. ఊపు చాలకముందే లివర్ వదిలితే ఇంధనం ముందుగా అంటుకుని ఇంజను వెనక్కి తంతుంది. అప్పుడు పిన్ను నిలువు అంచునే నొక్కుతుంది కనుక హ్యాండిల్ ఊడదు, చేతిని తీసుకుని వెనక్కి తిరుగుతుంది. బొటనవేలు పిడి చుట్టూ వెయ్యకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టమని పాతవాళ్లు కసిరి మరీ చెప్పేది ఇందుకే. కార్లను హ్యాండిల్‌తో తిప్పే రోజుల్లో ఇలా మణికట్టు విరగడం ఎంత మామూలంటే, వైద్యగ్రంథాల్లో ఆ ఎముక విరుపుకు డ్రైవర్ల పేరే పడింది.

లారీ ఇంజన్లకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక ఈ హ్యాండిల్ పోయింది గానీ, చేత్తో తిప్పే అవసరం పోలేదు. టాపెట్లు సెట్ చెయ్యాలంటే క్రాంక్‌షాఫ్టును గుర్తు దగ్గరికి మెల్లగా, వెంట్రుకవాసి తేడా లేకుండా తేవాలి. ఫ్యాను రెక్క పట్టుకుని లాగేవాళ్లున్నారు, అది తప్పు. రెక్కకు కనబడని పగులు వచ్చి, తర్వాత పూర్తి వేగంలో విరగవచ్చు. క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి తిప్పడం చిన్న ఇంజన్లకు బాగానే ఉంటుంది, అదీ ఇంజను తిరిగే వైపుకే. ఎదురు తిప్పితే బోల్టు వదులయ్యే ప్రమాదముంది. ఇక్కడ పొడుగు రాడ్డా, రాట్చెట్టా అంటే నా ఓటు మంచి రాట్చెట్‌కే. పిస్టన్ పై గట్టు దాటగానే అదిమిన గాలి క్రాంక్‌ను ముందుకు ఉరికిస్తుంది. రాడ్డయితే చేతిని లాక్కుపోతుంది. రాట్చెట్ కిటకిటలాడి ఊరుకుంటుంది. ఇంధనం చిమ్మే నాజిళ్లు విప్పేస్తే అసలా గొడవే ఉండదు.

పెద్ద ఇంజన్లకు ఇంకా మేలైన పనిముట్టుంది. కమిన్స్ బి సిరీస్ ఇంజన్లలో ఫ్లైవీల్ హౌసింగుకు ఉన్న రంధ్రం మూత తీసి, చిన్న పళ్లచక్రం ఉన్న బారింగ్ టూల్ లోపలికి దూర్చుతారు. అది ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేరుతో కలుస్తుంది. చిన్న చక్రం ఎన్నో చుట్లు తిరిగితే గానీ పెద్దది ఒక్క చుట్టు తిరగదు కనుక, మామూలు రాట్చెట్‌తోనే ఆరు సిలిండర్ల ఇంజను చెప్పినట్టు వింటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పటిలా ఇంజనులోకి నీళ్లు చేరినప్పుడు కూడా ఈ పనిముట్టే దిక్కు. నీళ్లు గాలిలా అణగవు. సిలిండరులో నీళ్లుండగా స్టార్టర్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. నాజిళ్లు విప్పి చేత్తో తిప్పితే నీళ్లు చిమ్మి బయటపడతాయి, రాడ్డు బతుకుతుంది.

అయితే బారింగ్ టూల్‌కు పాత హ్యాండిల్‌కున్న గుణం లేదు. తనంతట అది బయటికి రాదు. అది లోపలుండగా ఎవరైనా తాళం తిప్పితే పళ్లూ విరగవచ్చు, హౌసింగూ పగలవచ్చు. అందుకే ముందు బ్యాటరీ వైరు విప్పాలి. ఓడల్లో ఇంజను తిప్పే టర్నింగ్ గేరుదీ ఇదే బెడద. అక్కడ డిజైనర్లు మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకోలేదు. టర్నింగ్ గేరు తగిలించి ఉన్నంతసేపూ ఇంజనును లేపే అదిమిన గాలి దానికి అందకుండా ఇంటర్‌లాక్ బిగించారు.