ఇంట్లో ఓడ కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంట్లో ఓడ కట్టే సరదా ఒకటుందని వాళ్ళకి తెలిసి ఉంటే దాన్నీ ఆ వరసలోనే చేర్చేవారు. మీవారికో, మీ అబ్బాయికో ఈ పిచ్చి పట్టి, భోజనాల బల్లంతా జిగురు సీసాలూ చెక్కపొట్టూ ఆక్రమిస్తే మీరు విసుక్కుంటున్నారా? నేనూ విసుక్కున్నదాన్నే. అందుకే ఈ నాలుగు మాటలు.

మా మావయ్యగారు విశాఖపట్నంలో షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. పెద్ద హాలు నేలమీద ఓడ గీతలన్నీ అసలు సైజులో, మనం ముగ్గు పెట్టినట్టు గీసే విభాగం ఆయనది. అత్తయ్యగారు పోయాక ఇంట్లో ఆయన మాట వినబడ్డం మానేసింది. ఓ రోజు ఉన్నట్టుండి ప్లైవుడ్ ముక్కా, చిన్న రంపం ముందేసుకుని కూర్చున్నారు. రెండేళ్ళకి మూడు కొయ్యల తెరచాప ఓడ ఒకటి తయారై షోకేసు మీదికెక్కింది.

భోగికి ముందు ఇల్లు దులుపుతూ నేను దాన్ని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ అంచు ఏదో తాడుకి తగులుకుంది. మధ్య కొయ్య పుటుక్కుమంది. దాంతో పాటు తాళ్ళన్నీ ఊడొచ్చాయి. మావయ్యగారు చూసి, “ఫరవాలేదులే అమ్మాయ్” అని దానిమీద పాత దుప్పటి కప్పేశారు. తిట్టినా బాగుండేది. రెండు నెలలు దుప్పటి తియ్యలేదు. ఎందుకు బాగుచెయ్యడం లేదో ఆ తర్వాత తెలిసింది. ఆయనకి చెయ్యి వణుకు మొదలైంది. ఆ ముడులు మళ్ళీ వెయ్యడం ఆయన వల్ల కాదు.

“ముడులే కదా, నేను వేస్తాను” అన్నాను. ఏం ఒప్పుకున్నానో అప్పుడు నాకు తెలీదు!

ఆ ఓడ పేరు ‘కట్టీ సార్క్’. చైనా నుంచి ఇంగ్లండుకి తేయాకు మోయడానికి స్కాట్లాండులో కట్టారు. నీళ్ళలోకి దిగింది 1869 నవంబరు 22న. సరిగ్గా ఐదు రోజుల ముందే సూయజ్ కాలువ తెరిచారు. ఆ దగ్గరి దారిలో పొగ ఓడలు దూసుకుపోతుంటే తెరచాప ఓడకి పుట్టిన వారంలోనే గండం వచ్చిందన్నమాట. తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసి బతికింది. ఇప్పుడు లండన్‌లోని గ్రీనిచ్‌లో చూడొచ్చు. ఆ పేరుకి అర్థం తెలుసా? పొట్టి లోపలి గౌను! రాబర్ట్ బర్న్స్ పద్యంలో ఓ మంత్రగత్తె వేసుకున్న గౌనది. ఓడ ముక్కున ఉండే బొమ్మ ఆవిడే. చేతిలో గుర్రం తోక కూడా ఉంటుంది.

ఇక కొలతల సంగతి. నూటికి ఒకటి స్కేలు అంటే అసలు ఓడలో మీటరు పొడవు మన బొమ్మలో ఒక సెంటీమీటరు. కట్టీ సార్క్ ముక్కు కొయ్యతో కలిపి దాదాపు 85 మీటర్లు. అంటే మన బల్ల మీద 85 సెంటీమీటర్లు! ఎత్తు కూడా అర మీటరు దాటుతుంది. అడుగు ఎత్తు అరలున్న షోకేసులో ఎలా పడుతుంది చెప్పండి? అందుకే మాది షోకేసు పైకెక్కింది, నా తడిగుడ్డకి దొరికింది. కాబట్టి కొనేముందే టేపు తీసి పెట్టబోయే చోటు కొలవండి.

మొదటిసారి కడుతుంటే తాళ్ళు లేని ఓడ మేలు. విశాఖ బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామినే తీసుకోండి. పొడవు 91 మీటర్లు. రెండు వందలకి ఒకటి చొప్పున అయితే నలభై ఆరు సెంటీమీటర్లలోపే. పిల్లలు చూసొచ్చిన వస్తువు కాబట్టి వాళ్ళకీ హుషారు.

చెక్కతో కట్టే పద్ధతి చూస్తే చేప గుర్తొస్తుంది. అడుగున పొడవాటి వెన్నుముల్లు, దానికి అడ్డంగా ప్లైవుడ్ పక్కటెముకలు, వాటిమీద చర్మంలా సన్నటి చెక్కపట్టీలు. పట్టీల్ని వేడినీళ్ళలో పావుగంట నానబెడితే వంపు తిరుగుతాయి. ఒకటి కుడివైపు అతికిస్తే వెంటనే ఎడమవైపు ఇంకోటి అతికించాలి. ఒకే వైపు అతికించుకుంటూ పోతే ఓడ మెలితిరిగిపోతుంది.

అసలు మన రాజ్యం తాళ్ళ దగ్గర మొదలవుతుంది. కొయ్యల్ని నిలబెట్టే తాళ్ళు కదలవు, అవి నల్లరంగు. తెరచాపల్ని లాగే తాళ్ళు లేత గోధుమరంగు. దారాన్ని ముందు తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగాలి. నూగు అణిగిపోతుంది, దుమ్ము పట్టదు. నావికులు పైకెక్కడానికి నిలువు తాళ్ళకి అడ్డంగా నిచ్చెన మెట్లలా తాళ్ళుంటాయి. మన బొమ్మలో ఆ మెట్ల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు. ప్రతి నిలువు తాడు దగ్గరా ఒక ముడి. మల్లెమొగ్గలు కట్టేటప్పుడు వేసే మెలికకి ఆ ముడి దగ్గర చుట్టమే, రెండుసార్లు వెయ్యాలంతే. అట్టముక్క మీద నాలుగేసి మిల్లీమీటర్లకి గీతలు గీసి వెనకాల నిలబెట్టుకుంటే వరస తప్పదు. గట్టిగా మాత్రం లాగకండి. నిలువు తాళ్ళు నడుం దగ్గర సన్నబడినట్టు లోపలికి వంగిపోతాయి. నేను మొదట కట్టిన ఇరవై మెట్లూ అలాగే వంగితే కత్తిరించేశాను. ముడి మీద నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్క పెట్టి, ఆరాక కొసలు కత్తిరించాలి.

ఒక్క మధ్య కొయ్యకే ఆరువందల పైచిలుకు ముడులు! మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గంటసేపు కూర్చునేదాన్ని. మావయ్యగారు పక్కన కుర్చీ వేసుకుని ఏ తాడు ఎక్కడికో చెప్పేవారు. తాళ్ళ మధ్యలో కబుర్లొచ్చేవి. 1948 మార్చి 14న నెహ్రూగారు విశాఖలో ‘జల ఉష’ ఓడని నీళ్ళలోకి దింపినప్పుడు నాలుగేళ్ళ పిల్లాడిగా వాళ్ళ నాన్నగారి భుజాలమీద కూర్చుని చూశారట. పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు ఓడ లోపల చూస్తానని గొడవ చేశారట! ఈ కబుర్లు మావారికే తెలీవు.

కొన్ని జాగ్రత్తలు. క్షణాల్లో అతికే జిగురు ఒలికితే పైటచెంగుతో తుడవకండి. నూలుబట్టకి తగిలితే అది చురుక్కుమని కాలుతుంది. వేళ్ళు అతుక్కుంటే పీక్కోకుండా గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టండి. కంట్లో పడితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికే. రంగులూ థిన్నరూ గ్యాస్ స్టవ్‌కీ దేవుడి దీపానికీ దూరంగా, కిటికీ పక్కన వాడాలి.

పూర్తయిన ఓడకి గాజుపెట్టె చేయించండి. డబ్బు కాస్త ఎక్కువైనా దుమ్ము బాధ తప్పుతుంది. ఎండ తగిలే గోడ వద్దు, రంగు వెలిసి దారాలు చివికిపోతాయి. పెట్టెకి వెనకవైపు చిన్న గాలి రంధ్రాలుండాలి. కొత్త ప్లైవుడ్ నుంచి వచ్చే పుల్లటి ఆవిరి లోపలే మగ్గితే సీసపు లంగర్లూ ఫిరంగులూ తెల్లటి పొడిగా రాలిపోతాయి. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేద్దామనుకునేరు! ప్లాస్టిక్ ఓడ అయితే ఆ ఆవిరికి మెత్తబడిపోతుంది. పెట్టె లేకపోతే మెత్తటి రంగుల బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి. తడిగుడ్డ సంగతి నన్నడగండి!

మొన్న సంక్రాంతి బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మల పక్కన పై మెట్టు మీద ఓడని పెట్టాం. పేరంటానికొచ్చినవాళ్ళు మధ్య కొయ్య తాళ్ళు మాత్రం కొత్తగా ఉన్నాయేమిటని అడిగారు. నేను నోరు విప్పేలోపే మావయ్యగారు, “అవి మా కోడలు కట్టింది, దగ్గరికొచ్చి చూడండి” అంటూ కళ్ళజోడు తీసి వాళ్ళ చేతికిచ్చారు.