అంకెలలో మన యానాం

ఒక ఊరి స్థితిగతులను తెలిసికొనగోరువారు మూడు ప్రశ్నలు వేయుదురు. జనమెందరు? వారి రాబడి యెంత? వారు ఎవరు? ఈ మూడింటికిని అంకెలు సమాధానము చెప్పును. కాని అంకెను చదువుట వేరు, దాని అర్థమును గ్రహించుట వేరు. గౌతమీ తీరమున, సముద్రమునకు చేరువలో నున్న మన యానామునే ఉదాహరణముగా గైకొని ఈ సంగతిని పరిశీలింతము.

మొదట జనసంఖ్య. యానాంలో 1981 జనగణన నాటికి సుమారు 11,600 మంది, 1991లో 20,297 మంది, 2001లో 31,394 మంది, 2011లో 55,626 మంది ఉండిరి. చివరి పదేండ్లలోనే పెరుగుదల నూటికి 77. ఆ కాలముననే దేశ జనాభా నూటికి సుమారు 18 వంతున పెరిగినది. మన ఊరును దేశముతో సమానముగా పెరిగియున్నచో 2011 నాటికి దాదాపు 37 వేల మంది మాత్రమే ఉండెడివారు. తక్కిన పదునెనిమిది వేల పైచిలుకు మంది లెక్క పుట్టుకలతో తేలునది కాదు. వీరిలో పెక్కురు బయటనుండి వచ్చి స్థిరపడినవారే యని ఊహింపవలసి యున్నది.

ఈ ఊరికి జనము వచ్చుట క్రొత్త గాదు. 1723లో ఫ్రెంచివారు ఇచట వర్తకస్థానము నెలకొల్పిరి. 1930లో శారదా చట్టము అమలులోనికి రాగా, బ్రిటిషు సీమలోని వారు బాల్యవివాహములు జరిపించుటకై ఫ్రెంచి పాలనలోనున్న యానాంకు తరలివచ్చెడివారు. అందుచేతనే దీనికి కల్యాణపురమను పేరు వచ్చినది. అయితే పెండ్లికి వచ్చి పోయినవారు జనాభాలో చేరరు. నివాసముండువారినే జనగణన లెక్కించును.

ఇక రాబడి. సగటును చూచి మోసపోరాదు. ఒక వీథిలో పది కుటుంబములు ఉన్నవనుకొందము. తొమ్మిదింటికి నెలకు పదివేల రూపాయల చొప్పునను, ఒకదానికి లక్షా పదివేలును వచ్చుచున్నచో సగటు ఇరువది వేలగును. కాని ఇరువది వేలు వచ్చు ఇల్లు ఆ వీథిలో ఒక్కటియు లేదు! మరియు చేపల వేటపై బ్రతుకువారి రాబడి అన్ని నెలలయందును ఒకే తీరుగా ఉండదు. గోదావరికి వరద వచ్చినప్పుడు పులస దొరకును. తక్కిన కాలమున దొరకదు. కర్మాగారపు జీతమును శాశ్వతము కాదు. 2012 జనవరిలో కార్మికుల అల్లర్ల పిమ్మట ఇచటి పెద్ద సిరామిక్ కర్మాగారము మూతపడగా అనేక కుటుంబములకు జీవనాధారము పోయినది.

మూడవ ప్రశ్న, వారెవరు అనునది. అమెరికా జనగణనలో తెల్లవారా, నల్లవారా యని అడుగుదురు. మన జనగణనలో అట్టి ప్రశ్న లేదు, మాతృభాషను అడుగుదురు. 2011లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంతటను తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 74 వేల మంది. యానాం వాసులందరును తెలుగువారే యనుకొన్నను, ఇంకను పదునెనిమిది వేల మంది తెలుగువారు పుదుచ్చేరి, కారైకాల్, మాహేలలో ఉన్నట్లు తేలుచున్నది. యానాంలో మనము అధిక సంఖ్యాకులము. కేంద్రపాలిత ప్రాంతమంతటను చూచిన నూటికి ఆరుగురము. మనుష్యులు మారలేదు, గీచిన ఎల్ల మారినది.

ఈ లెక్క బడికి సంబంధించినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఎందరు పిల్లలు, ఏ భాషవారు అని తెలియనిదే ఉపాధ్యాయులను, పుస్తకములను సమకూర్చుట యెట్లు?

2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. 2027 మార్చి 1 నాటి స్థితి ననుసరించి జనాభాను లెక్కింతురని 2025లో ప్రభుత్వము ప్రకటించినది. మాతృభాష యనగా బాల్యమున తల్లి తమతో మాట్లాడిన భాష. పట్టాలో నున్న భాషయు కాదు, కచేరీలో వాడు భాషయు కాదు. ఒకే ఇంట ఇద్దరికి వేరువేరు మాతృభాషలు ఉండవచ్చును. ఎవరిది వారికే వ్రాయవలెను. తల్లిదండ్రులు ఈ గడియందు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. గొప్పకు వేరొక భాష పేరు చెప్పినచో, రేపు మన పిల్లల బడికి రావలసిన లెక్కలో ఒక తల తగ్గును.