హైదరాబాద్ పేరున్న ఆ బాంబర్ ఎక్కడుంది?

"ఏంరా, ఇమానాల లెక్క నీకెందుకురా? నువ్వేమన్నా ఎయిర్‌ఫోర్సుల పని చేస్తున్నవా?"

కోరుట్ల బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే నా దోస్తు అడిగిన మాట ఇది. నిజమే. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సొంతూరు జగిత్యాల, అమ్మమ్మ వాళ్లది సిరిసిల్ల. విమానం ఎక్కింది కూడా కంపెనీ పనిమీద రెండుసార్లే.

కానీ నా ఫోన్‌లో ఒక షీట్ ఉంది. ప్రపంచ యుద్ధాల్లో ఎగిరిన బాంబర్లలో ఇంకా మిగిలినవి ఏవి, ఎక్కడున్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి... ఇదే అందులో లెక్క. మూడేళ్లుగా రాస్తున్నా. కొందరు పాత నాణేలు పోగేస్తారు కదా, ఇదీ అలాంటి పిచ్చే అనుకోండి. తేడా ఏంటంటే, దీనికి పైసా ఖర్చు లేదు. ఓపిక ఉంటే చాలు.

మొదట్లో ఇది అమెరికా, ఇంగ్లండ్ వాళ్ల కథ అనుకున్నా. తవ్వుతూ పోతే, ఆ దారి మన దేశానికే తిరిగొచ్చింది. ఇంకా తవ్వితే మన హైదరాబాద్ పేరే కనిపించింది!

ఒక్క విమానాన్ని మూడుసార్లు లెక్కపెట్టా

నా షీట్‌లో మొదటి పెద్ద తప్పు ఒక లిబరేటర్ వల్ల జరిగింది. లిబరేటర్ అంటే బీ-24. నాలుగు ఇంజిన్లు, రెండు తోకలు, 110 అడుగుల రెక్కలు ఉన్న అమెరికా బాంబర్. రెండో ప్రపంచ యుద్ధంలో 18,000కు పైగా తయారయ్యాయి. ఇప్పుడు పూర్తి రూపంలో మిగిలినవి రెండు డజన్లు కూడా లేవు.

ఫొటోలు చూసి 'ఆల్ అమెరికన్' అని ఒక లైన్ రాసుకున్నా. 'ది డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్' అని ఇంకో లైన్. 'విచ్‌క్రాఫ్ట్' అని మూడోది. మూడు పేర్లు, మూడు రంగులు, ముక్కు మీద మూడు బొమ్మలు. మూడు విమానాలు దొరికాయని సంబరపడ్డా.

తర్వాత తెలిసింది, మూడూ ఒకటే! అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ వాళ్లు తమ దగ్గరున్న ఒకే లిబరేటర్‌కు అప్పుడప్పుడు రంగు మార్చి, కొత్త పేరు పెట్టారు.

అప్పుడర్థమైంది, పేరును, రంగును నమ్మొద్దని. నమ్మాల్సింది నంబర్‌నే. డేటాబేస్‌లో మనం 'ప్రైమరీ కీ' అంటామే, అదన్నమాట. ఆ విమానం అమెరికా నంబర్ 44-44052. బ్రిటన్ వాయుసేనకు ఇచ్చాక కేహెచ్191. మరి మూడో నంబర్? హెచ్ఈ771.

ఈ హెచ్ఈ ఎవరిదా అని వెతికితే... మనదే. భారత వాయుసేన నంబర్ అది.

కాన్పూర్ తుక్కులోంచి లేచిన విమానాలు

యుద్ధం అయిపోయేసరికి బ్రిటన్ వాయుసేన లిబరేటర్లు చాలా వరకు కాన్పూర్‌లో ఆగాయి. అవి అమెరికా ఒప్పందం మీద ఇచ్చినవి. యుద్ధం అయ్యాక వేరేవాళ్లు వాడుకోవడానికి వీల్లేదు. అందుకే వెళ్లిపోయే ముందు వాటిని కావాలనే పాడుచేశారు. కొన్నింటికి రంధ్రాలు పొడిచారు, కొన్నింటి ఇంజిన్లలో ఇసుక పోశారు. ఇక తుక్కే అనుకున్నారు.

1947 తర్వాత కొత్త దేశానికి బాంబర్లు కావాలి. కొనడానికి డబ్బుల్లేవు. అప్పుడు బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీర్ల కన్ను ఈ తుక్కు మీద పడింది. యుద్ధ కాలంలో అమెరికా విమానాలు రిపేర్ చేసిన చోటే కాబట్టి వాళ్లకు పని తెలుసు. ఒకదానిలోంచి తీసిన భాగం ఇంకోదానికి వేసి, కాన్పూర్‌లో కాస్త ఎగరగలిగేలా చేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరుకు నడుపుకొచ్చాడు. అలా 42 విమానాలు. ఆగిపోయిన బైక్‌ను మెకానిక్ షెడ్డు దాకా నెట్టుకెళ్లడమే మనకు కష్టం. ఈయన ఆకాశంలో తీసుకెళ్లాడు!

బెంగళూరులో పూర్తిగా బాగుచేసిన మొదటి విమానాలు 1948 చివర్లోనే వాయుసేన 5వ స్క్వాడ్రన్‌కు అందాయి. తర్వాత 6వ స్క్వాడ్రన్ వాటిని సముద్రం మీద నిఘాకు వాడింది. 1968 వరకు ఎగిరాయి.

అసలు మలుపు ఇక్కడే. ఈలోపు అమెరికాలో ఏమైంది? యుద్ధం అవ్వగానే వేల బాంబర్లను అరిజోనా లాంటి చోట్ల వరసగా నిలబెట్టి, ముక్కలు కోసి, కరిగించి అల్యూమినియం చేసేశారు. ఇరవై ఏళ్ల తర్వాత మ్యూజియాల వాళ్లకు గుర్తొచ్చింది, 'అయ్యో, మన దగ్గర లిబరేటరే లేదే' అని. అప్పుడు అందరూ ఇండియా వైపు చూశారు.

నా షీట్‌లో 'ఇండియా నుంచి' అనే ట్యాబ్‌లో ఇప్పుడు ఆరు లైన్లున్నాయి:

• హెచ్ఈ924: ఢిల్లీ పాలం, భారత వాయుసేన మ్యూజియం. మన దగ్గరే ఉంది.
• హెచ్ఈ773: కెనడా, ఒట్టావా మ్యూజియం.
• హెచ్ఈ807: బ్రిటన్, రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం. 1974లో మన దేశం ఇచ్చిన బహుమతి. ఎగురుతూనే వెళ్లింది.
• హెచ్ఈ877: అమెరికా, అరిజోనాలోని పీమా మ్యూజియం. 1969లో ఇదీ ఎగురుతూనే వెళ్లింది.
• హెచ్ఈ771: అమెరికా, కాలింగ్స్ ఫౌండేషన్. నన్ను మూడుసార్లు మోసం చేసింది ఇదే.
• 44-44272: అమెరికా, ఫ్లోరిడాలో కెర్మిట్ వీక్స్ అనే ఆయన దగ్గర.

డబ్బున్న దేశం కరిగించేసింది. డబ్బు లేని దేశం బాగుచేసి వాడుకుంది. అందుకే మిగిలాయి. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో బీటెక్ పూర్తిచేసిన నాకు ఈ లాజిక్ వెంటనే ఎక్కింది.

ఇక మన హైదరాబాద్ విమానం

ఇది ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. పేరు డీహెచ్9ఏ. నంబర్ ఎఫ్1010. ఇద్దరు కూర్చునే రెండు వరసల రెక్కల బాంబర్. 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిన్.

1918లో బ్రిటన్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహుమతిగా ఇచ్చాడు. ఆ సంగతి ప్రతి విమానం మీదా రాశారు. దాంతో ఆ దళానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పేరు పడింది. సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేరి, జర్మనీ పట్టణాల మీద పగటి పూట బాంబులు వేసింది. చాలా విమానాలను పోగొట్టుకుంది.

ఎఫ్1010ను 1918 అక్టోబర్ 5న జర్మన్లు దించేశారు. అందులోని ఇద్దరూ బతికి ఖైదీలయ్యారు. ఇంకో నెలా ఆరు రోజులు ఆగితే యుద్ధమే అయిపోయేది.

సాధారణంగా కూలిన విమానం పొయ్యిలోకి పోతుంది. దీన్ని మాత్రం జర్మన్లు గెలిచిన గుర్తుగా దాచుకుని, బెర్లిన్‌లోని మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే, అక్కడి విమానాలను పోలండ్ వైపు తరలించారు. బాంబులకు భయపడి బాంబర్‌ను దాచారన్నమాట! యుద్ధం ముగిశాక అది పోలండ్‌లోని క్రాకోవ్ మ్యూజియానికి చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు క్రాకోవ్‌కు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి, బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. ఏళ్లపాటు బాగుచేసి రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

లండన్‌లో ఎంఎస్ చదువుతున్న మా జూనియర్‌ను బతిమాలితే, ఒక ఆదివారం వెళ్లి ఫొటో పంపాడు. కింద మెసేజ్: "అన్నా, దీని మీద మన నిజాం పేరుంది!"

చాలాసేపు ఆ ఫొటోనే చూశా. 1918లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లా ఊళ్లే. ఇక్కడి రైతు కట్టిన శిస్తు నిజాం ఖజానాకే పోయేది. అందులో ఏ రూపాయి ఆ విమానంలోకి పోయిందో చెప్పడానికి లెక్క లేదు. కానీ వరి, జొన్న పండించుకునే ఊళ్ల రాజ్యం పేరు రాసుకుని, ఎప్పుడూ చూడని జర్మనీ ఊళ్ల మీద ఒక విమానం బాంబులు వేసింది. ఆ సంగతి ఇక్కడ ఎవరినీ అడగలేదు. బహుశా చెప్పనూ లేదు.

అందుకే దీన్ని గొప్పగా చెప్పుకోవాలా, బాధపడాలా అని అడిగితే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. బాంబు కింద ఉన్నవాళ్ల భయం మన తీరానికీ తెలుసు. కానీ విమానం కనిపిస్తేనే కదా, ఈ ప్రశ్నయినా వచ్చేది.

ఏనుగుల శాలలో ఇంకో కథ

మన దేశంలోనే ఇంకో వింత ఉంది. రాజస్థాన్‌లోని బికనీర్ కోటలో, ఒకప్పటి ఏనుగుల శాలలో, డీహెచ్9 బాంబర్లు దశాబ్దాలపాటు పడి ఉన్నాయి. మొదటి యుద్ధం తర్వాత బ్రిటన్ ఇండియాకు ఇచ్చిన విమానాల్లోవి అవి. గై బ్లాక్ అనే ఇంగ్లండ్ ఆయన వాటి జాడ పట్టుకుని, 2000 ప్రాంతంలో రెండింటిని కొని తీసుకెళ్లాడు. ఒకటి డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. ఇంకోదాన్ని ఏళ్లపాటు బాగుచేశారు, 2019లో అది మళ్లీ ఎగిరింది! మన కోటలో చెదలు పట్టిన విమానం నూరేళ్ల వయసులో ఆకాశం చూసింది.

చూడండి, లిబరేటర్లు పనిలో ఉండి బతికాయి. ఎఫ్1010 శత్రువు పంతం వల్ల బతికింది. బికనీర్ విమానాలు అందరూ మరిచిపోవడం వల్ల బతికాయి. కానీ మూడింటి విషయంలోనూ చివరికి ఎవరో ఒకరు నంబర్ చూసి, 'ఇది ఫలానాది' అని గుర్తుపట్టారు. లేకపోతే అవి పాత ఇనుము, చెక్కే.

లెక్క తగ్గిన రోజులు

ఈ షీట్‌లో కొత్త లైన్ రాస్తే సంతోషం. మార్చాల్సి వస్తే కష్టం. 2019 అక్టోబర్ 2న అమెరికాలోని కనెక్టికట్‌లో 'నైన్-ఓ-నైన్' అనే బీ-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. అది కూడా హెచ్ఈ771 ఉన్న కాలింగ్స్ ఫౌండేషన్‌దే. 2022 నవంబర్ 12న డాలస్ ఎయిర్‌షోలో ఇంకో బీ-17ను ఒక ఫైటర్ ఢీకొట్టి ఆరుగురు పోయారు. ఆ రాత్రి 'ఎగురుతోంది' అన్న చోట 'లేదు' అని టైప్ చేశా.

అప్పటినుంచి రెండు వైపుల వాదనా నాకు సరైనదే అనిపిస్తుంది. ఎగరనివ్వకపోతే అది బొమ్మ. ఎగిరిస్తే ఏదో ఒక రోజు పోవచ్చు, మనుషులతో సహా.

మీరూ మొదలుపెట్టాలంటే

ఒక షీట్ చాలు. నా కాలమ్స్ ఇవి: రకం, తయారీ నంబర్, సైనిక నంబర్లు, ఇప్పుడున్న చోటు, స్థితి (ఎగురుతుంది, నిలబెట్టారు, ముక్కలు), చివరగా చూసిన తేదీ, రుజువు. తేదీ లేని సమాచారం రాయొద్దు. పెయింట్ చేసిన నంబర్‌ను నమ్మొద్దు, లోపలి ప్లేట్ వివరం దొరికితేనే ఖాయం చేయండి. ఇంకో మాట, విశాఖ బీచ్‌లో ఉన్న టీయూ-142ను ఇందులో కలపొద్దు. అది రష్యా బాంబర్ నుంచి పుట్టినదే కానీ, ప్రపంచ యుద్ధం నాటిది కాదు.

ఢిల్లీ వెళ్తే పాలంలో హెచ్ఈ924ను చూసి రండి. కాన్పూర్ నుంచి అలా ఎగిరొచ్చిన వాటిలో మన దేశంలో చూడగలిగేది అదే.

చివరగా, సిరిసిల్లలో

మొన్న దసరాకు సిరిసిల్ల పోయినప్పుడు మా మేనమామకు ఎఫ్1010 ఫొటో చూపించా. ఆయన ముప్పై ఏళ్లు సాంచెలు నడిపిన మనిషి. రెక్కల మీద ఉన్నది బట్టేనని, కట్టె చట్రం మీద నార బట్ట బిగించి పూత పూసేవారని చెప్తే, ఫోన్ లాక్కుని జూమ్ చేసి చూశాడు.

"బట్టతోని ఇమానమా! నేత మంచిగుండాలె మరి. లేకుంటే గాలికి చినుగది?"

"మామా, నీ సాంచెలు ఏవి? షెడ్డు ఖాళీగుంది" అన్నా.

"అమ్మిన అల్లుడా. పని లేదాయె. కిలోల లెక్కన తుక్కుకే పోయినయ్. ఒక్కటి మిగిలింది, అది ఎవ్వడు కొంటలేడు."

షెడ్డులోకి వెళ్లా. మూలకు ఒకే ఒక సాంచె, దుమ్ము పట్టి ఉంది. పక్కన ఇనుప ప్లేటు మీద నూనె, మురికి. చొక్కా అంచుతో తుడిస్తే నంబర్ కనిపించింది. ఫొటో తీశా. మామ నవ్వాడు, "గదెందుకురా" అని.

ఆ రాత్రి షీట్‌లో కొత్త ట్యాబ్ తెరిచా. రకం: సాంచె. చోటు: సిరిసిల్ల. స్థితి: నిలిచి ఉంది. చివరగా చూసిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేశా.

మీ ఇంట్లో, మీ ఊళ్లో అలాంటి నంబర్ ఏదైనా ఉంటే, తుక్కు బండి రాకముందే ఒక ఫొటో తీసి పెట్టండి.