చేర్యాల పటం: రంగు కింద రసాయనం

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ పటానికి అడుగున ఉండేది ఖద్దరు గుడ్డ. దానిమీద గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజలు, జిగురు కలిపి పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, మామూలుగా మూడుసార్లు. ఆపైనే గీత, రంగు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారు ఇలాంటి పటాన్నే కొద్దికొద్దిగా విప్పుతూ కథ చెప్పేవారు. చుట్టి విప్పిన కొద్దీ పూత బీటలిస్తుంది. గంజీ చింతగింజలూ పురుగుకు మేత. తేమ తగిలితే బూజు. మురికి పట్టిందని తడిగుడ్డతో తుడిస్తే జిగురు కరిగి రంగే ఊడివస్తుంది.

కాబట్టి పాత పటం మీద చెయ్యి వేసే ముందు అందులో ఏముందో తెలియాలి. ఈ పటాల్లో నేపథ్యం ఎరుపు. కంటికి దాదాపు ఒకేలా కనిపించే పాతకాలపు ఎరుపుల్లో ఇంగిలీకంలో పాదరసం, సిందూరంలో సీసం, జేగురులో ఇనుము ఉంటాయి. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ పరికరం పటాన్ని గీరకుండానే వీటిని విడదీస్తుంది: ఎక్స్ కిరణాలు తగిలినప్పుడు ఒక్కో మూలకం తనకే చెందిన శక్తితో కిరణాలు వెలువరిస్తుంది. జేగురు ఎంత వెలుతురైనా తట్టుకుంటుంది, ఇంగిలీకం నల్లబడవచ్చు. అంటే పటాన్ని ఎక్కడ వేలాడదీయాలన్నది కూడా ఈ ఫలితాన్ని బట్టే తేలుతుంది. నీలిమందులో లోహం లేదు గనుక ఈ పరికరానికి చిక్కదు. అణువును గుర్తుపట్టే రామన్ వర్ణపటం కావాలి. దీపం మసితో గీసిన తొలిగీతలు రంగు కింద దాగి ఉంటే పరారుణ ఫోటోలో బయటపడతాయి.

తెలుపు ఇంకా ఆసక్తికరం. గవ్వల పొడిలో కాల్షియం ఉంటుంది. టైటానియం తెలుపు బజారుకొచ్చింది 1920 ప్రాంతంలో. అంతకు పాతదని చెప్పే పటంలో అది దండిగా కనిపిస్తే తర్వాత ఎవరో దిద్దారన్నమాట. అయితే మట్టిలోనూ టైటానియం లేశంగా ఉంటుంది; అంకె చూసి తొందరపడకూడదు.

పరీక్షకన్నా చికిత్స ముందు నడిస్తే ఏమవుతుందో అజంతాలో తెలిసింది. అప్పట్లో ఆ గుహలు నిజాం రాజ్యంలోవి. గులాం యజ్దానీ సారథ్యంలోని హైదరాబాద్ పురావస్తు శాఖ 1920లో ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీని రప్పించింది. రాలిపోతున్న పూతను ఆయన బృందం గోడకు నిలబెట్టింది. ఆ మేలు కాదనలేనిది. పైన పూసిన లక్క వార్నిష్ మాత్రం ఏళ్లు గడిచేసరికి పచ్చబడి, ముదిరి, రంగులను కప్పేసింది. మద్రాసు మ్యూజియం రసాయనవేత్త ఎస్. పరమశివన్ అజంతా చిత్రాలను విశ్లేషించి, అవి ఆరిన పూత మీద జిగురు కలిపి వేసిన రంగులని తేల్చింది ఆ తర్వాత, 1930ల్లో. వార్నిష్‌ను భారత పురావస్తు సర్వే రసాయనవేత్తలు ద్రావకాలతో కొంచెంకొంచెంగా తీయాల్సి వచ్చింది.

ఇప్పుడు మ్యూజియాల్లో పరీక్షలయ్యాకే, అవసరమైతే వెనక్కి తీయగల జిగురుతో మాత్రమే బీటలు అతుకుతారు. పటాన్ని లావాటి గొట్టానికి, బొమ్మ వైపు బయటికి ఉండేలా చుడతారు. ప్రదర్శించేటప్పుడు వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు.