రణపాల: పెరటిలో మంచిది, గట్టున చెడ్డది



టేకులపల్లి ప్రాంతమున పెక్కు యిండ్ల పెరళ్ళలో రణపాల మొక్క కలదు. దళసరి యాకులును, నిలువు కాడ కొనను క్రిందికి వ్రేలాడు పూలగుత్తులును జూచి దీనిని చిన్నవారైనను గుర్తింతురు. దీనికి విత్తనముతో పనిలేదు. ఆకు తడినేలపై పడిన చాలును. దాని యంచుల నొక్కులయందు వేళ్ళును మొలకలును పుట్టును. అందుచేతనే దీనికి పర్ణబీజమని పేరు. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము.

వేసవిలో కూరపాదులెల్ల వాడినను రణపాల పచ్చగనే నిలుచును. ఇందలి మర్మమునకు మొదటి జాడ తీసినవాడు మన తెలుగుసీమను ఎఱిగినవాడే. రాక్సుబర్గు దొర పిమ్మట సామర్లకోట కుంఫిణీ తోటను జూచిన బెంజమిన్ హేన్ దొర యీ యాకులను రుచిచూచెను. అవి ఉదయమున పులిచింతాకువలె పుల్లగాను, మధ్యాహ్నమున రుచిలేకయు, సాయంకాలమున కొంచెము చేదుగాను ఉండెనట. ఆయన లేఖను లండనులోని లిన్నేయను సంఘమువారు 1815లో ప్రకటించిరి.

కారణ మిది. తక్కిన పైరులు పగటివేళ ఆకుల రంధ్రములు తెఱచి బొగ్గుపులుసు గాలిని పీల్చును. ఆ దారినే నీటిని పోగొట్టుకొనును. రణపాల పగలు రంధ్రములు మూసికొని రాత్రి తెఱచును. రాత్రి పీల్చిన గాలిని పులుసుగా నిలువచేసి, పగటి వెలుగున దానితో ఆహారము వండుకొనును. అనాస, నాగజెముడు మొక్కలదియు నిదే తీరు.

అయితే యీ గుణమే మన పశువులకు ముప్పు. గడ్డి యెండిన దినములలో పచ్చగా కనబడునది రణపాల యొక్కటే. ఆకలిగొన్న పశువు దానిపై నోరు వేయును. ఇందు గుండెను చెఱచు విషము కలదు. పూలలో అది మఱియు హెచ్చు. పూయు కాలమో, మేత తఱుగుటకు మొదలిడు చలికాలపు చివర. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలు మేతభూములకు ప్రాకి యెన్నో పశువులను చంపినవి.

మేమొక గ్రామమున గట్టుపై రణపాల గుంపును జూచి, ఎవరు నాటిరని యడిగితిమి. ఎవరును నాటలేదు. పెరడు శుభ్రముచేసి కొమ్మలను అచ్చట పాఱవేసిరి. వానలు తక్కిన పని చేసెను.

కావున మొక్కను కుండీలోనో, దడి లోపలనో ఉంచుడు. కత్తిరించిన ముక్కలను పెంటపై వేయకుడు. ఆకొక్కటియు విడువక యేరి, ఎండబెట్టి కాల్చుడు. పశువు మేత మాని, చొంగ కార్చుచు, పాఱుచు, నీరసించిన యెడల దానిని నడిపింపక, నీడను కట్టి, వెంటనే పశువైద్యునకు తెలుపుడు. రాళ్ళజబ్బునకు మందని యీ యాకు తినువారు కలరు. వైద్యుని యడుగక తినరాదు.

పెరటి యందము పెరటిలోనే యుండవలెను. వానలు పడకమున్నే సభ్యులెల్లరు తమ గట్ల నొకమారు జూచుకొందురుగాక.