జేబులో పెట్టుకునే చాకు: ఒపినెల్ 8 మేలా, స్పార్టన్ మేలా?

మీ ఏటీఎం కార్డు తీసి బల్ల మీద పెట్టండి. దాని పొడవు 8.56 సెంటీమీటర్లు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ 8వ నంబరు మడత చాకు విప్పితే బ్లేడు 8.5 సెం.మీ. ఉంటుంది, అంటే దాదాపు కార్డంత. స్విట్జర్లాండ్‌లో విక్టోరినాక్స్ వాళ్లు చేసే ఎర్ర చాకు, స్పార్టన్, మడిచి పెడితే మొత్తం కలిపి 9.1 సెం.మీ. మాత్రమే. రోజూ దగ్గర ఉంచుకోవడానికి ఒక మంచి చాకు కొందామనుకునేవాళ్లు ఎక్కువగా తర్జనభర్జన పడేది ఈ రెండింటి మధ్యే. రెండూ మంచివే. కానీ రెండూ ఒకే పనికి పుట్టినవి కావు.

ముందు వాటి పుట్టుక రెండు ముక్కల్లో. ఆల్ప్స్ పర్వతాల ఫ్రెంచి వైపు, సవోయ్ ప్రాంతంలో, జోసెఫ్ ఒపినెల్ 1890లో తన చాకుకు రూపం ఇచ్చాడు. 1897కల్లా 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. 8 అన్నది వాటిలో ఒక సైజు నంబరు. అదే 1897లో, అవే పర్వతాల స్విస్ వైపు, ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్స్‌నర్ తన ‘ఆఫీసర్ల చాకు’ను రిజిస్టరు చేయించాడు. స్పార్టన్ దాని వారసురాలు. సవోయ్ చాకు రైతు రొట్టె, జున్ను కోసుకోవడానికి. స్విస్ చాకు సైన్యంలో డబ్బా మూతలు, మరలు విప్పుకోవడానికి. ఈ తేడా ఇప్పటికీ వాటి కొలతల్లో కనిపిస్తుంది.

బరువు చూద్దాం. ఒపినెల్ సుమారు 45 గ్రాములు, స్పార్టన్ సుమారు 60. పది రూపాయల నాణెం ఒక్కోటి 7.7 గ్రాములు కాబట్టి, ఒపినెల్ అంటే జేబులో ఆరు నాణేలు, స్పార్టన్ అంటే ఎనిమిది. పెద్దది తేలిగ్గా, చిన్నది బరువుగా ఉండడమేమిటని అనుమానం రావచ్చు. ఒపినెల్ పిడి అంతా బీచ్ కొయ్య, లోపల ఒక్క బ్లేడే. స్పార్టన్‌లో ఎర్ర ప్లాస్టిక్ పలకల మధ్య మొత్తం లోహమే, అదీ పొరలు పొరలుగా. ఏమైనా రెండు నాణేల తేడా ఎవరికీ భారం కాదు. అసలు ఇబ్బంది పొడవుతో. మడిచిన ఒపినెల్ పిడి 11 సెం.మీ.; కార్డును అడ్డంగా రెండుసార్లు కొలిస్తే వచ్చేంత. పైగా గుండ్రంగా, లావుగా ఉంటుంది. కూర్చున్నప్పుడల్లా ప్యాంటు జేబులో ఉందని గుర్తుచేస్తూనే ఉంటుంది. స్పార్టన్ ఒకటిన్నర సెంటీమీటర్ల మందంతో బల్లపరుపుగా ఉంటుంది. తాళాల గుత్తితో పాటు ఉండిపోతుంది, మరిచిపోతాం.

మరి కోయడంలో? ఇక్కడ ఒపినెల్‌దే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. దాని బ్లేడు వెన్ను దగ్గరే రెండు మిల్లీమీటర్ల లోపు మందం. అక్కడి నుంచి వాదర దాకా సన్నబడుతూ పోతుంది. కాయలోకి దిగేటప్పుడు ముక్కను పక్కకు తోసి చీల్చదు, జారుతూ తెగుతుంది. దోర జామకాయను పలచని చక్రాలుగా కోయాలన్నా, బంగినపల్లి చెంపను టెంక దాకా ఒక్క ఊపులో దింపాలన్నా 8.5 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. స్పార్టన్ పెద్ద బ్లేడు సుమారు 7 సెం.మీ. నిమ్మకాయకి, అరటిపండుకి, కొరియర్ పెట్టె టేపుకి, నవారు ముక్కకి అది చాలు. పెద్ద మామిడికాయ దగ్గరికి వచ్చేసరికి రెండు వైపుల నుంచీ కోయాల్సి వస్తుంది. పిడి సంగతీ అంతే. ఒపినెల్ పిడి అరచేతి నిండా పట్టు దొరుకుతుంది. స్పార్టన్‌ను పావుగంట సేపు పట్టుకుని కొయ్య చెక్కితే మడిచిన పరికరాల అంచులు వేళ్లకు ఒత్తుకుంటాయి.

తర్వాతి ప్రశ్న ఉక్కు గురించి. దీని మీద జరిగినంత చర్చ అవసరం లేదని నా అభిప్రాయం. తెలుసుకోవలసింది ఒక్కటే. ఒపినెల్‌లో రెండు రకాలు దొరుకుతాయి: కార్బన్ ఉక్కు, స్టెయిన్‌లెస్. కార్బన్ రకంలో నూటికి దాదాపు 0.9 వంతు కార్బన్, అంటే కిలో ఉక్కులో 9 గ్రాములు, ఒకటిన్నర టీస్పూను ఉప్పు బరువు. ఆ చిటికెడే ఇనుముకు గట్టిదనం ఇస్తుంది. కానీ అందులో తుప్పును ఆపే క్రోమియం లేదు. స్టెయిన్‌లెస్ ఒపినెల్‌లోనూ, స్పార్టన్‌లోనూ నూటికి 13 నుంచి 15 వంతుల క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే పైన కంటికి కనిపించని పొరగా ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది.

మన వంటల సంగతి తెలిసిందే కదా: చింతపండు, నిమ్మ, మామిడి, ఉప్పు. పాత ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగితే ముక్కలూ చేతులూ నల్లబడేవి. కార్బన్ ఒపినెల్‌తో పుల్లమామిడి కోసినా అదే తంతు. బ్లేడు బూడిదరంగుకు తిరుగుతుంది, మొదట్లో ముక్కకు ఇనుము వాసన పడుతుంది. ఆ బూడిదరంగు పొర హాని చేయదు, పైగా ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది. అయినా కోసిన వెంటనే కడిగి, తుడిచి, నూనె చుక్క రాసే ఓపిక ఉన్నవాళ్లే ఆ రకం కొనాలి. మిగతావాళ్లు బ్లేడు మీద ‘ఇనాక్స్’ అని ఉన్నది అడిగి తీసుకోండి. అదే స్టెయిన్‌లెస్.

‘గట్టిదనం ఎంత?’ అని దుకాణంలో ఒక అంకె చెబుతారు. అది రాక్‌వెల్ అంకె. వజ్రపు మొనను 150 కిలోల బలంతో, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు ఒక్క మొన మీద మోపినంత బలంతో, ఉక్కు మీద నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూసి ఇచ్చే మార్కు. తక్కువ దిగితే ఎక్కువ మార్కు. విక్టోరినాక్స్ తన బ్లేడుకు 56 అని చెబుతుంది. ఒపినెల్ దానికి ఒకటి రెండు మార్కులు అటూఇటూ. ఆ తేడా చేతికి తెలియదు. అంకె పెరిగేకొద్దీ పదును కొంచెం ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ ఇంట్లో సానపట్టడం కష్టమవుతుంది. ఇంట్లో నూరుకునేవాళ్లకి 56 దగ్గర ఉండడమే సుఖం.

కోస్తావాళ్లు ఉక్కు కన్నా ఎక్కువగా చూసుకోవలసింది కొయ్యని. బీచ్ కొయ్య తేమను పీలుస్తుంది. శ్రావణమాసంలో విశాఖలోనో మచిలీపట్నంలోనో ఒపినెల్ పిడి ఉబ్బి, బ్లేడు గాడిలో బిగుసుకుపోవచ్చు. గోటితో ఎంత లాగినా రాదు. దీనికి సవోయ్ రైతుల దగ్గరే చిట్కా ఉంది: పిడి వెనక కొసను బల్ల అంచు మీద టక్కున కొడితే బ్లేడు మొన కాస్త పైకి లేస్తుంది, అక్కడ పట్టుకుని తీయొచ్చు. చాలాసార్లు దీంతోనే పని జరుగుతుంది. మరీ బిగుసుకుంటే ఎండలో కాక నీడలో ఆరబెట్టి, గాడి లోపల గరుకు కాగితంతో రెండుసార్లు రుద్ది, అవిసెనూనె పట్టిస్తే చాలాకాలం తిప్పలుండవు. ఒక్కటి మాత్రం చేయకండి: గిన్నెలతో పాటు నీళ్లలో నానబెట్టడం. స్పార్టన్‌కు ఈ గొడవ లేదు. గోరువెచ్చని నీళ్లలో ఆడించి, ఆరాక కీలులో నూనె చుక్క వేస్తే సరి.

ఇక వేళ్ల భద్రత. మడత చాకు అంటేనే ఎప్పుడైనా మడుచుకుపోగలిగే చాకు. స్పార్టన్‌లో విప్పిన బ్లేడును వెనకనున్న స్ప్రింగు పట్టి ఉంచుతుంది, గడియ ఉండదు. కిందికి కోసేటప్పుడు భయం లేదు, ఒత్తిడి బ్లేడును తెరిచే వైపే ఉంటుంది. మొనతో పొడిచినా, వెన్ను మీద బలంగా నొక్కినా స్ప్రింగు ఓడిపోయి బ్లేడు వేళ్ల మీదికి వాలుతుంది. ఒపినెల్‌కు 1955 దాకా గడియే లేదు. ఆ ఏడాది మార్సెల్ ఒపినెల్ పిడి ముందుభాగంలో, రోకలికి పొన్ను తొడిగినట్టు, ఒక ఉక్కు ఉంగరం తొడిగించాడు. బ్లేడు విప్పి ఉంగరాన్ని కాస్త తిప్పితే గాడి మూసుకుపోతుంది, బ్లేడు వెనక్కి రాదు. 2000 సంవత్సరంలో చేసిన మార్పుతో మడిచి ఉన్నప్పుడు కూడా తెరుచుకోకుండా బిగించుకోవచ్చు. అయితే ఉంగరాన్ని తిప్పేది మనమే. మరిచిపోతే అది లేనట్టే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఉంగరం వల్ల ఒక మేలు ఉంది కానీ, అది అటక మీద పెట్టడానికి బదులు కాదు.

స్పార్టన్ పెట్టె మీద ‘12 ఉపయోగాలు’ అని ఉంటుంది. ఈ పన్నెండు ఎలా వచ్చాయో లెక్క చూడండి. రెండు బ్లేడులు, డబ్బా మూత తెరిచేది, సీసా మూత తీసేది, ఆ రెండింటి కొసల్లో చెరో స్క్రూడ్రైవరు, తీగ పైపొర ఒలిచే చిన్న గంటు, రంధ్రం చేసే మొన, బిరడా లాగే మెలిక, పట్టకారు, పుల్ల, తాళాలు తగిలించుకునే రింగు. రింగును, పళ్లు కుట్టుకునే పుల్లను కూడా కలిపితేనే పన్నెండు! మన ఇళ్లలో నిజంగా రోజూ వాడేవి ఐదారు. వాటిలో ప్లగ్గు మర బిగించే స్క్రూడ్రైవరు, వేలిలో గుచ్చుకున్న పేడు తీసే పట్టకారు, ఈ రెండే చాకు ఖరీదు రాబట్టేస్తాయి. బిరడా మెలికకు మనకు పని లేదనిపిస్తుంది కానీ, బిగుసుకుపోయిన తాడు ముడిని సడలించడానికి దాన్ని మించింది లేదు. ఒపినెల్‌తో ఇవేవీ కావు. దాని మొనతో మర తిప్పబోతే ఆ సన్నని మొన విరుగుతుంది.

‘జేబులో చాకుంటే పోలీసులు పట్టుకోరా?’ చాలామంది అడగాలనుకుని అడగని ప్రశ్న ఇది. 2016 నాటి కేంద్ర ఆయుధ నిబంధనల జాబితాలోకి వచ్చేవి 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడు ఉన్న కత్తులు. ఇంటి, వ్యవసాయ పనులకు తయారైనవి అందులోంచి మినహాయింపు. 9 అంగుళాలంటే దాదాపు 23 సెం.మీ. ఒపినెల్ బ్లేడు అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, స్పార్టన్‌ది అంతకన్నా తక్కువ. కాబట్టి ఆ జాబితా ప్రకారం రెండింటికీ లైసెన్సు అక్కర్లేదు. అంటే ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చని కాదు. నిషేధాజ్ఞలు, అంటే మనం ‘144 సెక్షన్’ అనేవి (కొత్త చట్టంలో 163), ఉన్న చోట ఏ చాకైనా ఇబ్బందే. కోర్టు, మెట్రో, సినిమా హాలు తనిఖీల దగ్గర తీసి పక్కన పెట్టమంటే వాదించి లాభం లేదు. విమానంలో చేతిసంచిలో అసలు వద్దు. లగేజీలో వేసి పంపేయండి.

పిల్లలను బ్రిటన్‌కు చదువుకు పంపుతున్న తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. అక్కడ 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో బహిరంగ స్థలాల్లో కారణం చెప్పనక్కరలేకుండా దగ్గర ఉంచుకోగలిగేది మడత చాకు ఒక్కటే, అదీ వాదర 3 అంగుళాలకు, అంటే 7.62 సెం.మీ.కి మించనిది. విప్పాక గడియ పడే చాకును అక్కడి కోర్టులు మడత చాకుగా ఒప్పుకోవు. ఈ లెక్కన స్పార్టన్ అర సెంటీమీటరు తేడాతో గట్టెక్కుతుంది. ఒపినెల్ 8 రెండు రకాలుగానూ తప్పుతుంది: పొడవు ఎక్కువ, గడియ ఉంది. మన చేతికి రక్షణ ఇచ్చే ఉంగరమే అక్కడ నేరమైపోతుంది. సామాన్లలో ఒపినెల్ పంపినా హాస్టల్ గది వంటింట్లోనే ఉంచమనండి.

ఇప్పుడు ఏది కొనాలి? జేబుకు అయితే స్పార్టన్. చదును, తేమకు చెక్కుచెదరదు, పట్టకారు ఉంది, చట్టంతో పేచీలు తక్కువ. భోజనం డబ్బా సంచికి, తోటకు, కారు ప్రయాణాలకు అయితే స్టెయిన్‌లెస్ ఒపినెల్. పండు కోయడంలో ఉన్న సుఖం కోసం దాని పొడవును భరించవచ్చు, పైగా ఐరోపాలో స్పార్టన్ కన్నా చౌక. చొక్కా జేబులో ఒపినెల్ పెట్టుకుని తిరగమని మాత్రం ఎవరికీ చెప్పను.

ఏది కొన్నా సానపట్టడం ఒకటే. విక్టోరినాక్స్ చెప్పే కోణం ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. ఒపినెల్‌కూ అదే సరిపోతుంది. కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ సగానికి మడిస్తే 22న్నర. దానికన్నా కొంచెం తక్కువ అనుకోండి. బ్లేడు వెడల్పు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు కాబట్టి వెన్ను సానరాయి నుంచి 5 మి.మీ. పైకి లేవాలి, అంటే పది రూపాయల నాణేలు మూడు దొంతరగా పెట్టినంత. మొదటిసారి నిజంగానే నాణేలు పక్కన పెట్టి చూసుకుంటే చేతికి ఆ ఎత్తు అలవాటవుతుంది. 1000 నంబరు సానరాయి తడిపి, అటు పది, ఇటు పది తీస్తే చాలు.

కొనేటప్పుడు దుకాణంలోనే విప్పి చూడండి. స్పార్టన్ అయితే విప్పిన బ్లేడును పక్కలకు కదిపితే ఊగకూడదు, మడిచేటప్పుడు టప్పున గట్టిగా మూసుకోవాలి. ఒపినెల్ అయితే ఉంగరం తిప్పాక వెన్ను మీద బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి, బ్లేడు కదలకూడదు. మడిచాక గాడి అంచులను చూడండి, బ్లేడు ఒక వైపు కొయ్యకు రాసుకుంటూ ఉంటే ఇంకొకటి తీయించండి. కొయ్య పిడి కదా, రెండు ఒకేలా రావు.