గోంగూర కుండీలో రోడ్డు మట్టి

2019లో ఆఫీసు పని మీద ఏడాది పాటు యాంగాన్‌లోని లతలో ఉన్నాం (అమ్మాయి పేరు కాదండీ, పేట పేరే! చైనాటౌన్ ఉన్నదక్కడే). మన తాతలు "రంగం" అన్న ఊరిదే. మహాబందుల రోడ్డు ఫుట్‌పాత్ మీద గోంగూర కట్టలు చూసి మా ఆవిడ ఎగిరి గంతేసింది. బర్మావాళ్ళు దాన్ని చిన్‌బౌంగ్ అంటారు, మనంత ఇష్టంగానూ తింటారు.

కొనుక్కోవడంతో ఆగితే బాగుండేది. ఇండియా నుంచి తెచ్చిన విత్తనాలతో బాల్కనీలో కుండీలు వెలిశాయి. మట్టి ఎక్కడిదంటే, కింద రోడ్డు పక్క చెట్టు మొదట్లో తవ్వి తెచ్చిందట! రెండేళ్ళ మా పాప అప్పటికే అందులో చేతులు పెట్టి ఆడుతోంది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగులో ఎమ్మెస్ చేసి జావా కోడ్ రాసుకుంటున్న నాకు పాత పాఠాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఇంజన్ నాకింగ్ రాకుండా పెట్రోలులో సీసం కలపడం 1920లలో మొదలైంది. అది పొగగొట్టంలోంచి ధూళిగా వచ్చి, చాలావరకు రోడ్డు పక్కనే పడుతుంది. ఇండియాలో 2000లో ఆపేశారు. మయన్మార్‌లో 2016 నాటికి గానీ అమ్మకం ఆగలేదు. పెట్రోలు మారినా మట్టి మారదు. సీసం పైపొరలోని బంకమట్టినీ, కుళ్ళిన ఆకులనూ పట్టుకుని దశాబ్దాల తరబడి అక్కడే ఉంటుంది.

పొగ ఒక్కటే కాదు. టైర్లు అరిగితే జింకు, దాంతో పాటే కాస్త కాడ్మియం. బ్రేకులు అరిగితే రాగి. ఎలక్ట్రిక్ కారుకీ టైర్లుంటాయి కదా!

ఇక మొక్క సంగతి. సీసం ఎక్కువగా వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. ఆకు మీద ఉండేది చాలావరకు ధూళే, బాగా కడిగితే చాలామటుకు పోతుంది. కాడ్మియం అలా కాదు, ఆకుకూరల్లోకి సులువుగా ఎక్కుతుంది, కడిగితే పోదు.

నన్ను భయపెట్టింది మాత్రం ఆకు కాదు, పాప చెయ్యి. పసిపిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసాన్ని వాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా నాలుగైదు రెట్లు పీల్చుకుంటుంది. మెదడు ఎదిగే వయసులో "ఇంతవరకూ ఫరవాలేదు" అనే లెక్కే లేదు.

అమెరికాలో పాత ఇళ్ళ పెరట్లో గోంగూర వేసేవాళ్ళూ ఒకసారి మట్టి పరీక్ష చేయించండి. చాలా స్టేట్ యూనివర్సిటీల్లో తక్కువ ఖర్చులోనే చేస్తారు. ఇళ్ళ దగ్గరి మట్టిలో సీసానికి ఈపీఏ హెచ్చరిక స్థాయిని 2024 జనవరిలో 400 పీపీఎం నుంచి 200కి తగ్గించింది.

"మా అమ్మమ్మ ఏ టెస్టు చేయించింది?" అంది మా ఆవిడ. అమ్మమ్మ పెరటి ముందు బస్సులు తిరగలేదుగా అన్నాను. మర్నాడు సంచి మట్టి కొన్నాం. పాతది ఎక్కడ పారబొయ్యాలో తోచక, మళ్ళీ ఆ చెట్టు మొదట్లోనే పోసొచ్చాను.